గడుసుపిల్లకీ అన్నపూర్ణకీ మధ్య

(నరసాపురంలో మహిళా సర్పంచులు, వార్డు సభ్యులు, డ్వాక్రా సంఘాల లీడర్లు, డిగ్రీ విద్యార్థులు కలిసి కూర్చున్న సభలో, పంచాయతీ ప్రతినిధులకు శిక్షణ ఇచ్చి రిటైరైన ఒక ఉద్యోగిని చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు మార్చలేదు.)

అందరికీ నమస్కారమండీ. వెనక్కి వినపడుతోందా? ఆ ఫ్యాను కింద ఉన్నవాళ్ళకి వినపడకపోతే చెయ్యెత్తండి, గొంతు పెంచుతాను. గొంతు పెంచితే ఏమంటారో తర్వాత మాట్లాడుకుందాం. (నవ్వులు)

ఇవాళ మన మాట ఆడవాళ్ళ నాయకత్వం గురించి. దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి కథ మీకందరికీ బళ్ళో చెప్పే ఉంటారు. 1923లో కాకినాడలో కాంగ్రెస్ మహాసభలు. ఖద్దరు ప్రదర్శన గుమ్మం దగ్గర పధ్నాలుగేళ్ళ వాలంటీరు పిల్ల. టికెట్టు లేకుండా ఎవర్నీ వదలొద్దని పెద్దలు చెప్పారు. వచ్చినాయన జవహర్‌లాల్ నెహ్రూ, చేతిలో టికెట్టు లేదు. ఆపేసింది. నిర్వాహకులు కంగారుపడి టికెట్టు కొనిచ్చాక గానీ లోపలికి పోనివ్వలేదు.

మనకి భలే ఇష్టం ఈ కథ. మన రాజమండ్రిలో పుట్టిన పిల్ల, మన కాకినాడలో నెహ్రూనే నిలబెట్టేసిందని చెప్పుకుని మురిసిపోతాం. మరి ఆ పిల్ల ముప్పై ఏడో ఏట ఏం చేస్తోందో ఎవరైనా చెబుతారా? డిగ్రీ పిల్లలు చెప్పండి. (నిశ్శబ్దం) చూశారా. రాజ్యాంగ సభలో ఉందండీ. ఆ సభలో ఆడవాళ్ళు పదిహేను మంది, వాళ్ళలో ఒకరు. అధ్యక్షుడు లేనప్పుడు సభ నడపడానికి కొందరి పేర్లతో ప్యానెల్ ఉండేది, అందులో ఉన్న ఒకే ఒక మహిళ ఆవిడ. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్ళొచ్చాక చదువు మొదలుపెట్టి లా దాకా వెళ్ళింది. 1937లో ఆంధ్ర మహిళా సభ పెట్టింది. తర్వాత ప్రణాళికా సంఘం సభ్యురాలు, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకి మొదటి అధ్యక్షురాలు. దేశం డబ్బు ఎక్కడ ఖర్చు పెట్టాలో తేల్చే బల్ల దగ్గర కూర్చున్న మనిషి. అది మనం చెప్పుకోం. గుమ్మం దగ్గర పిల్ల దగ్గరే కథ ఆపేస్తాం.

ఇంకో మహాతల్లి, లంకల గన్నవరం డొక్కా సీతమ్మ గారు. 1841లో పుట్టి 1909లో పోయారు. గోదావరి పాయ వైనతేయ మీద, కాలువని నది దాటించే పాత అక్విడక్టు పక్కన కొత్తది కట్టి ఆవిడ పేరు పెట్టారు. ఇప్పుడు బళ్ళలో మధ్యాహ్న భోజనానికీ ఆవిడ పేరే. ఆకలని వచ్చినవాడికి వేళా పాళా చూడకుండా అన్నం పెట్టిన అపర అన్నపూర్ణ, నిరతాన్నదాత అని చెప్పుకుంటాం. సంతోషం. నేను ఆ పేరు విన్నప్పుడల్లా వేరే లెక్క వేస్తాను. నది పాయలు దాటుకుని ఎప్పుడు ఎంతమంది వస్తారో తెలియదు. ధాన్యం ఎప్పుడు దంపించాలి? దంపిన బియ్యం ఎన్నాళ్ళకొస్తాయి? వానలు పడకముందే కట్టెలు ఎంత వెయ్యాలి? వరదొచ్చి లంక మునిగితే ఏం చెయ్యాలి? పొయ్యి దగ్గర ఎవరు, వడ్డనకెవరు? ఇవన్నీ ఎవరో ఒకరి బుర్రలో ఉండాలి కదండీ. తుఫానొచ్చినప్పుడు ఇదే పని చేసినాయనకి జీపిస్తాం, రిలీఫ్ ఆఫీసరు అంటాం, ఆగస్టు పదిహేనున ప్రశంసాపత్రం ఇస్తాం. సీతమ్మ గారిని చల్లని తల్లి అంటాం. తల్లే, కాదనను. దయ ఉంటే ఒకపూట అన్నం పెట్టొచ్చు. ఏళ్ళ తరబడి, వచ్చేవాళ్ళెవరో తెలియకుండా పెట్టాలంటే దయ ఒక్కటీ చాలదండీ. దానికి పాలన తెలిసిన బుర్ర కావాలి.

గోదావరి జిల్లాల్లో ఆడవాళ్ళంటే గౌరవం లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మాటలో అండీ, గారు లేకుండా నోరు తెరవని ప్రాంతం మనది. కాకపోతే మన గౌరవానికి ఇద్దరే సరిపోతారు. ఒకరు గడుసుపిల్ల, రెండోవారు అన్నం పెట్టే అమ్మ. ఆ పిల్లకి ఇంకా అధికారం రాలేదు, ఈ అమ్మ అధికారం అడగదు. ఇద్దరి వల్లా మనకి ఇబ్బంది లేదు. నలభై ఏళ్ళావిడ ఫైలు తెరిచి "ఈ బిల్లు మీద నేను సంతకం పెట్టను, పని కాలేదు" అంటే మాత్రం మన దగ్గర ఆవిడకి కథా లేదు, విగ్రహమూ లేదు. ఓ పేరు మాత్రం ఉంది. ఏమిటో మీకు తెలుసు. (సభలోంచి: "గయ్యాళి!") అదేనమ్మా. అదే మాట మగ సర్పంచి అంటే? "ఆయన ఖచ్చితమైన మనిషండీ."

ఇది మన ఒక్క ఊళ్ళో జబ్బేం కాదు. 1973లో అమెరికాలో వర్జీనియా షైన్ అని ఒకావిడ బీమా కంపెనీల్లో మగ మేనేజర్లకి కొన్ని గుణాల జాబితా ఇచ్చారు. మగవాళ్ళు ఎలా ఉంటారు, ఆడవాళ్ళు ఎలా ఉంటారు, మంచి మేనేజరు ఎలా ఉంటాడు అని విడివిడిగా అడిగారు. మంచి మేనేజరు లక్షణాల్లో ఎక్కువ భాగం వెళ్ళి మగవాడి లక్షణాలతోనే కలిశాయి. రెండేళ్ళ తర్వాత ఆడ మేనేజర్లనే అడిగారు. వాళ్ళూ అదే చెప్పారు. కాబట్టి ఇది మగవాళ్ళని తిట్టడానికి పెట్టిన సభ కాదు. మా ఇళ్ళలో అత్తగార్లకీ, మాకూ కూడా ఆ కొలబద్దే ఉంది.

సరే, మన నరసాపురం సంగతి చూద్దాం. లేసు అల్లికలు మనకి 19వ శతాబ్దంలో మిషనరీలతో వచ్చాయి. 2024లో భౌగోళిక గుర్తింపు, అదే జీఐ ట్యాగు, కూడా వచ్చింది. చాలా సంతోషించాను. 1970ల చివర్లో మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త ఇక్కడికొచ్చి ఈ అల్లికల మీద పరిశోధన చేశారు. ఆవిడ చూసిందేమిటంటే, ఇంటి చాకిరీ అంతా చేసుకుని, దాని మీద రోజుకి ఆరేసి ఎనిమిదేసి గంటలు సూది పట్టుకున్న ఆడవాళ్ళు కార్మికుల లెక్కలోకే రాలేదు. గృహిణి, తీరిక వేళల్లో ఏదో అల్లుకుంటోంది, అంతే. తీరికట! ఆ తీరిక సరుకే ఓడలెక్కి విదేశాలకి పోయింది. అల్లేది ఆడవాళ్ళు. నూలు తెచ్చిచ్చేదీ, పీసు తీసుకెళ్ళేదీ, రేటు కట్టేదీ, బేరం చేసేదీ, ఎగుమతి చేసేదీ మగవాళ్ళు.

ఇందులో కుట్ర ఏమైనా ఉందా అని నన్నొక అమ్మాయి అడిగింది. కుట్ర అక్కర్లేదమ్మా. ఇంట్లో ఒంటరిగా కూర్చుని అల్లే మనిషికి పక్క వీధిలో అదే పీసుకి ఎంత ఇస్తున్నారో తెలియదు. ఏజెంటుకి అన్ని వీధుల రేట్లూ తెలుసు. తెలిసినవాడు నాయకుడవుతాడు, తెలియని మనిషి మంచిదవుతుంది. ఏళ్ళు గడిచాక "ఆడవాళ్ళకి వ్యాపారం తెలియదండీ" అంటారు. సంతకీ ఓడరేవుకీ బ్యాంకుకీ వెళ్ళనివ్వకుండా కూర్చోబెట్టి, తెలియదని తేల్చేశాం. డ్వాక్రా సంఘాలొచ్చి, నరసాపురం దగ్గర లేసు పార్కు వచ్చి, పదిమంది ఒకచోట కూర్చున్నాక బేరం అడగడం మొదలైంది. బుర్రలు అవే, చేతులు అవే. కూర్చునే చోటు మారిందంతే.

వరి చేల వైపు వెళ్దాం. నాట్లు వేసే ఊడ్పు ముఠా చూడనివాళ్ళు ఇక్కడెవరూ ఉండరు. ఆ ముఠాకి చాలా ఊళ్ళలో మేస్త్రి ఆడమనిషే. ఎకరానికి ఎంత అని రైతుతో తెగ్గొట్టేది ఆవిడ. రేపు పొద్దున్న ఏ చేలోకి ఎంతమంది, ఆటో ఎన్ని గంటలకి, నారు ఎక్కడ పడుంది, పిల్లతల్లి ఎవరితో సర్దుకుంటుంది, నిన్న ఇద్దరు పోట్లాడుకున్నారు కాబట్టి వాళ్ళని ఏ గట్టున విడివిడిగా పెట్టాలి, సాయంత్రం డబ్బు పంపకం, అన్నీ ఆవిడే. నెలన్నర సార్వా, అంటే వానాకాలం పంట, ఊడ్పుల్లో ఆవిడ నడిపినంత మనుషుల యంత్రాంగం మా ఆఫీసులో నేను సర్వీసు మొత్తం మీద నడపలేదు. మరి ఊరు ఎస్సీ మహిళకో, బీసీ మహిళకో రిజర్వు అయినప్పుడు పార్టీ పెద్దలు ఆ మేస్త్రి ఇంటికి వెళ్ళారా? వెళ్ళరు. ఎవరి భార్య అయితే నోరెత్తదో వెతుక్కుంటూ వెళతారు. వాళ్ళకి కావలసింది నాయకురాలు కాదు, సంతకం. ఆ సంతకాన్ని కూర్చోబెట్టి, నాలుగేళ్ళయ్యాక, "చూశారా, రిజర్వేషన్ ఇస్తే ఏమైందో, ఆడవాళ్ళకి చేతకాదు" అంటారు. ఎంపిక మీదా, నింద ఆవిడదా?

ఎస్సీ మహిళ అయితే కుర్చీ దగ్గరే మొదలవుతుంది గొడవ. ఆవిడ కుర్చీలో ఉంటే నిలబడి మాట్లాడటం నామోషీ అనుకునేవాళ్ళు మన ఊళ్ళలో ఇంకా ఉన్నారు. అది ఆడతనం గురించి కాదని తప్పించుకోకండి, రెండూ కలిసే పని చేస్తాయి. పైగా ఆవిడ ఒక పూట పంచాయతీ ఆఫీసుకొస్తే ఆ పూట కూలి పోతుంది. "సర్పంచి మీటింగులకి రాదండీ" అని నా దగ్గర ఫిర్యాదు చేసినవాళ్ళెవరూ ఆ కూలి లెక్క వెయ్యలేదు.

ఇప్పుడు మంచినీళ్ళ చెరువు కథ. ఈ సంగతి పూర్తిగా చెప్పాలి, విసుక్కోకండి. పేరు చెప్పను. సముద్రం వైపు, కాలువ చివర ఊరు. బోరు వేస్తే ఉప్పునీళ్ళు. తాగడానికి కాలువ నీళ్ళు చెరువుకెత్తి నిలవ పెట్టుకోవాల్సిందే. దాళ్వా, అంటే రెండో పంట, కోతలకొచ్చాక కాలువలు కట్టేస్తారు, మళ్ళీ సార్వాకి వదిలేదాకా ఆ చెరువే గతి. పైనున్నవాళ్ళు రొయ్యల చెరువులకి తోడేసుకుంటారు, శివారుకి వచ్చేసరికి కాలువలో బురద. ఏటా మే నెలలో ట్యాంకరు కోసం బిందెల వరస, కొట్లాటలు.

మహిళా సర్పంచి వచ్చింది. చదువు ఏడో తరగతి. శిక్షణలో నోరు విప్పేది కాదు, పక్కన వాళ్ళాయన విప్పేవాడు. నేను కూడా ఆవిడ మీద పెద్దగా ఆశ పెట్టుకోలేదు. మార్చి నెలలో ఆవిడ లస్కరు ఇంటికెళ్ళింది. తెలియని పిల్లల కోసం చెబుతున్నాను, తూములు ఎత్తడం దించడం చూసే చిన్న ఉద్యోగి లస్కరు. వాళ్ళావిడా ఈవిడా ఒకే డ్వాక్రా గ్రామ సమాఖ్యలో సభ్యులు. కాలువ ఎప్పుడు కడతారో, అప్పటిదాకా ఏ వంతులో నీళ్ళొస్తాయో కనుక్కుంది. చెరువు రేవు మెట్లని బట్టి లెక్క ఆవిడకి పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ తెలుసు: నీళ్ళు ఏ మెట్టు మీదుంటే ఊరికి ఎన్నాళ్ళు వస్తాయో. రోజూ దిగి బిందె ముంచిన మనిషికి అది కొలతబద్దే. పై మెట్టు మునిగేదాకా రొయ్యల చెరువుల ఇంజన్లు ఆపాలని గ్రామసభలో తీర్మానం పెట్టించి, మండలంలో ఇంజనీరు గారికి పట్టుకెళ్ళి ఇచ్చింది. ఆ ఇంజన్లలో ఒకటి వాళ్ళ మరిదిదే. ఇంట్లో ఆ నెల ఏం జరిగిందో నాకు తెలియదు, ఊహించుకోగలను. ఆ ఏడు జూన్ దాకా చెరువులో నీళ్ళున్నాయి.

ఊరేమంది? "వాళ్ళాయనకి పలుకుబడి ఉందండీ, చెరువు నింపించాడు." (నవ్వులు) నవ్వండి, నాకూ మొదట నవ్వొచ్చింది.

ఇలాంటిదే పశ్చిమ బెంగాల్ పల్లెల్లో లెక్కలు కట్టి చూశారు. 1998 నుంచి అక్కడ పంచాయతీల్లో మూడో వంతు ప్రధాన్ పదవులు, మన సర్పంచి లాంటివి, ఆడవాళ్ళకి పోయాయి. ఏ పంచాయతీకి పడుతుందన్నది పార్టీల ఇష్టం కాదు. అందుకే ఆ ఊళ్ళని మిగతావాటితో పోల్చడం కుదిరింది. ఎస్తర్ డఫ్లో, 2019లో ఆర్థికశాస్త్రం నోబెల్ పంచుకున్నావిడ, సహ పరిశోధకులతో కలిసి ఈ పని చేశారు. ఆడ ప్రధాన్లున్న చోట తాగునీటి మీద ఎక్కువ పెట్టారు. ఆడవాళ్ళు ఏది అడుగుతూ వచ్చారో అదే. జనం లంచాలిచ్చామని చెప్పడం కూడా తక్కువే. అయినా "మీ ప్రధాన్ పని బాగుందా" అని అడిగితే జనం తక్కువ మార్కులే వేశారు. చేసిన పని ఎక్కువ, వచ్చిన మార్కులు తక్కువ. మన చెరువు కథే కదండీ?

తర్వాత ఇంకో ఎత్తు వేశారు. ఒకే ప్రసంగాన్ని, మాట మారకుండా, ఒకసారి మగ గొంతుతో, ఒకసారి ఆడ గొంతుతో రికార్డు చేసి ఊళ్ళలో వినిపించారు. ఎవరికి ఏ గొంతు అన్నది చీటీ ప్రకారం. ఆడ ప్రధాన్‌ని ఎన్నడూ చూడని ఊళ్ళలో మగవాళ్ళు ఆడ గొంతుకి తక్కువ మార్కులు వేశారు. అప్పటికే ఆడ ప్రధాన్ పాలన చూసిన ఊళ్ళలో ఆ తేడా దాదాపు పోయింది. ఇందులో నాకు బాగా నచ్చిన ముక్క ఒకటుంది: ఆ ఊళ్ళ మగవాళ్ళకి ఆడ నాయకత్వం మీద ఇష్టం మాత్రం పెరగలేదు. మగవాడైతేనే బాగుంటుందని అప్పుడూ అన్నారు. కానీ పని చేతనవుతుందా అన్న అనుమానం పోయింది. నాకది చాలు. మనల్ని ముద్దు చెయ్యమని ఎవరడిగారు? ఇంకో సంగతి. మొదటిసారి వచ్చిన ఆడ ప్రధాన్‌కి మార్కులు తక్కువ, రెండోసారి రిజర్వు అయిన చోట రెండో ఆవిడకి ఆ కోత లేదు. అంటే మొదటావిడ తిన్న తిట్లన్నీ రెండో ఆవిడ ఖాతాలో జమయ్యాయి. ఇక్కడ మొదటిసారి సర్పంచులైన వాళ్ళు ఈ మాట గుర్తుపెట్టుకుంటే కాస్త నిద్ర పడుతుంది.

అలాంటి ఊళ్ళలో ఆడపిల్లల చదువు మీద తల్లిదండ్రుల ఆశలు కూడా పెరిగాయి. ఎవరూ వెళ్ళి ఉపన్యాసం ఇవ్వలేదు. కుర్చీలో ఒక ఆడమనిషి కూర్చుని ఉండటం పిల్లలు చూశారు, అంతే.

చూడటం అన్నాను కాబట్టి చెబుతున్నా, మన దగ్గర చూడనివ్వరు. మీ పంచాయతీ ఆఫీసు గోడ మీద సర్పంచి పేరు ఉంటుంది, కింద ఫోను నంబరు ఉంటుంది. ఆ నంబరు ఎవరిది? (నవ్వులు) ఇవాళ ఇంటికెళ్ళి ఆ నంబరు చెరిపించి మీ నంబరు రాయించండి. మొదటి వారం అర్ధరాత్రి కరెంటు పోయిందని ఫోన్లొస్తాయి, రానివ్వండి. పదిమంది మీ గొంతు విన్నాక పదకొండో వాడు మీ ఆయన్ని అడగడు. రెండోది, డిజిటల్ సంతకం. ఆర్థిక సంఘం నిధులకి సర్పంచీ, కార్యదర్శీ ఇద్దరి డిజిటల్ కీలూ కావాలి. పెన్‌డ్రైవులా ఉండే ఆ కీ ఎవరి జేబులో ఉంది? వెనకటికి చెక్కు మీద కనీసం చెయ్యైనా మీది పడేది. ఇప్పుడు కీ, పిన్ను ఇచ్చేస్తే మీరు ఇంట్లో ఉండగానే మీ సంతకం ఊరంతా తిరిగొస్తుంది. రేపు ఆడిట్ వస్తే డబ్బు తిరిగి కట్టమనే రికవరీ నోటీసు మాత్రం మీ పేరు మీదే వస్తుంది, ఆయన పేరు మీద రాదు. ఈ ఒక్క మాట చెబితే ఆ కీ వెనక్కి అడిగి తీసుకున్నవాళ్ళున్నారు. హక్కు గురించి నేను ఎంత చెప్పినా కదలనివాళ్ళు రికవరీ అనేసరికి కదిలారు. పోనీలెండి, ఏదో ఒకటి.

భర్తలు సాయం చెయ్యకూడదా అని వెనక ఒకాయన ముఖం పెట్టారు. ఎందుకు చెయ్యకూడదండీ, చెయ్యండి. మగ సర్పంచికి భార్య చేసే సాయమే మీరూ చెయ్యండి. ఆయన గ్రామసభకి వెళ్ళేటప్పుడు ఆవిడ వేళకి అన్నం పెడుతుంది, పిల్లల్ని చూసుకుంటుంది, ఊళ్ళో ఎవరేమనుకుంటున్నారో చెవిన వేస్తుంది. వెళ్ళి ఆయన కుర్చీలో కూర్చోదు. (చప్పట్లు)

రాజకీయాల్లో పైమెట్లు కూడా ఖాళీగా లేవు. మన కొవ్వూరు నుంచి గెలిచిన తానేటి వనిత గారు రాష్ట్రానికి హోంమంత్రిగా చేశారు. ఆవిడకి ముందు మహిళే, తర్వాతా మహిళే. అంతకు ముందే, 2009లో, సబితా ఇంద్రారెడ్డి గారు. లోక్‌సభలో మాత్రం 543 మందిలో 74 మందే గెలిచారు 2024లో. 2023లో ఆడవాళ్ళకి మూడో వంతు సీట్లిచ్చే రాజ్యాంగ సవరణ వచ్చింది గానీ, జనగణన, నియోజకవర్గాల పునర్విభజన అయ్యాకే అమలని అందులో రాశారు. ఆ సంగతి ఢిల్లీ చూసుకుంటుంది, మనం ఊరు చూసుకుందాం.

ఊళ్ళో అసలు చిక్కు ఇది. 1993లో 73వ సవరణ పంచాయతీల్లో మూడో వంతు ఇచ్చింది, తర్వాత మన రాష్ట్రం సగం చేసింది. కానీ రిజర్వేషన్ తిరుగుతూ ఉంటుంది. అయిదేళ్ళు తిట్లు తిని, తీర్మానం రాయడం, బిల్లు ఆపడం, ఇంజనీరుతో మాట్లాడటం నేర్చుకునేసరికి ఆ సీటు జనరల్ అయిపోతుంది. "మీ వంతు అయిపోయిందమ్మా" అని పంపించేస్తారు. ఆవిడా కొంగు దులుపుకుని ఇంటికెళ్ళిపోతుంది. జనరల్ అంటే మగవాళ్ళ సీటని చట్టంలో ఎక్కడుందో నాకెవరైనా చూపించండి. ఎవరైనా నిలబడొచ్చనే కదా దానర్థం! బెంగాల్లో రెండుసార్లు వరసగా రిజర్వు అయిన చోట, తర్వాత రిజర్వేషన్ లేకపోయినా ఎక్కువమంది ఆడవాళ్ళు నిలబడ్డారు, గెలిచారు కూడా.

కాబట్టి ఈ సభలో నేనొచ్చిన పని ఒక్కటే. ఇక్కడున్న సర్పంచుల్లో వచ్చేసారి మీ ఊరు జనరల్ అయినా నామినేషన్ వేస్తామనేవాళ్ళు ఎవరు? ఇప్పుడే చెయ్యెత్తక్కర్లేదు, ఇంట్లో మాట్లాడుకోండి. కానీ పని ఇప్పుడే మొదలవ్వాలి. మీ హయాంలో చేసిన పనులు, పెట్టిన ఖర్చు ఒక నోటుబుక్కులో మీ చేత్తో రాసి పెట్టుకోండి, ఆ రోజు వచ్చాక "వాళ్ళాయన చేశాడు" అనేవాడికి చూపించడానికి పనికొస్తుంది. డ్వాక్రా లీడర్లూ, ఊడ్పు మేస్త్రులూ, పార్టీవాళ్ళు మీ ఇంటికి రారు. మీరే వెళ్ళండి, మా ముఠాలో ఇన్ని ఓట్లున్నాయని చెప్పండి. ఆ భాష వాళ్ళకి బాగా అర్థమవుతుంది.

నా సమయం అయిపోయిందని చీటీ పంపారు. ప్రశ్నలు అడగండి, ఒక్క షరతు మీద: ఎవరి ప్రశ్న వాళ్ళే అడగాలి, సర్పంచి గారి తరఫున అంటూ ఎవరూ లేవకూడదు. ఆ గోడ వార నీలం చీర కట్టుకున్నావిడ ఇందాకణ్ణుంచి చెయ్యెత్తుతోంది, దించేస్తోంది. మైకు ముందు ఆవిడకివ్వండయ్యా.